ఓవర్సీరు కొక్కు

అప్పట్లో కొండ మీద ఉద్యోగమంటే కింద ఊళ్లవాళ్లు శిక్ష పడిన మనిషిని చూసినట్టు చూసేవారు. మా బావకి (మేనమామ కొడుకు, అప్పటికి కొత్తగా నా మొగుడు కూడా) అరకు లోయకి ఎగువన వేస్తున్న బండిబాట దగ్గర కూలీల హాజరుపట్టీ, అదే మస్తరు, రాసే గుమస్తా పని దొరికిందని తెలిసినప్పుడు మా వీధిలో ఒక్కరి నోటి నుంచీ శుభం అన్న మాట రాలేదు. మా అమ్మ గుడ్డముక్కలో అమ్మోరి కుంకం కట్టి ఇచ్చింది. మా నాన్న చలిజ్వరానికి కొయినా మాత్రల సీసా కొని తెచ్చి, ఇంక తన చేతుల్లో ఏమీ లేదన్నట్టు అరుగు మీద కూలబడ్డాడు. పక్కింటావిడ మాత్రం నా ముఖం రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. అలా చూస్తావేటి అంటే, మళ్లీ సూత్తానో లేదో అంది. తన వయసు గురించి అందిలే అని అమ్మ నన్ను ఓదార్చింది. (ఆవిడ మా అమ్మ కన్నా చిన్నది.)

మేం చేరిన చోటు ఊరు కాదు. కూలీల పాకలు కొన్ని, వాటికి కాస్త ఎగువన మా పాక, దాని పక్కన వచ్చే పోయే అధికార్ల కోసం వేసిన మకాం పాక, గెడ్డ (మా వైపు వాగుని అలాగే అంటారు) దాటితే కొండవాళ్ల గూడెం. అంతే. వాన పట్టిందంటే వదిలేది కాదు. ఆరేసిన చీర ఆరకుండానే మళ్లీ కట్టుకునేదాన్ని. పెళ్లిచీరకి తెల్లటి బూజు పట్టి, అంచు మీద పువ్వేదో బూజేదో తెలియకుండా పోయింది. రోజు విడిచి రోజు చలిజ్వరం. బావకి వచ్చిన రోజు నాకు రాదు, నాకు వచ్చిన రోజు బావకి రాదు. మా కొత్తకాపురం మీద దేవుడు చూపిన దయ ఆ ఒక్కటే; ఒకరు వణుకుతుంటే ఇంకొకరు గంజి కాచేవాళ్లం. నేను ఏడవని పూట లేదు. బావ ఏడ్చేవాడు కాదు గానీ, పొద్దున్నే గుమ్మంలో నిలబడి లోయలోకి దిగే దారి వైపు చూస్తూ ఉండిపోయేవాడు. ఏటి సూత్తన్నావు అంటే ఏటీ లేదు అనేవాడు. అది నిజమే. మబ్బు తప్ప అక్కడ ఏమీ కనిపించేది కాదు.

నాతో మాట్లాడే మనిషి ఒక్కతే, గూడెం నుంచి కట్టెలు తెచ్చే ఆవిడ. చుట్టని నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతూనే కబుర్లు చెప్పేది. అందుకని అడ్డపొగ అప్ప అని పిలిచేదాన్ని (అప్ప అంటే మా వైపు అక్క). చుట్ట లోపలుండగా ఆవిడ మాటల్లో సగమే బయటికి వచ్చేవి. మిగతా సగం నేను ఊహించుకునేదాన్ని. నా ఊహ మంచిదే అనుకునేదాన్ని.

ఆ వానాకాలంలో ఓవర్సీరు గారు పని చూడడానికి వస్తున్నారని కబురొచ్చింది. బావ కిందకి బదిలీ చేయమని అంతకుముందే అర్జీ పెట్టుకున్నాడు. అది ఆయన దగ్గరే ఉంది. ఆయన సరేనంటే కొండ కింద శృంగవరపుకోట, కాదంటే ఈ మబ్బు. "మనమేటీ సెప్పక్కర్లేదు. మన బతుకు ఓపాలి సూత్తే సాలు, ఆయనే పంపించీత్తాడు" అన్నాడు బావ. నాకూ అదే నమ్మకం. కప్పు కారే చోట్ల కింద పెట్టిన గిన్నెలు అలాగే కనిపించేలా ఉంచాను. (దాచాలన్నా దాచడానికి చోటు లేదనుకోండి.)

ఓవర్సీరు గారు భారీ మనిషి. కొండదారి మలుపులో గుర్రం కాలు జారి, ఇక ఎక్కనని మొండికేస్తే, మిగతా దారంతా బురదలో నడుచుకుంటూ వచ్చారు. మకాం పాకలో మంచం మీద కూర్చుని, జోళ్లలోంచి నీళ్లు వంపి, మొదట అన్న మాట పని గురించి కాదు. "ఏమయ్యా, దారిలో దిగిన ప్రతి మకాంలోనూ నాకు ఉలవచారే పోశారు. ఇక్కడ కూడా ఉలవలే అయితే ముందే చెప్పు, ఈ పూట పస్తుంటాను. నీ అర్జీ సంగతి కడుపు నిండాక మాట్లాడదాం."

మా ఇంట్లో ఉన్నవి ఉలవలే. గెడ్డ పొంగి సంత జరగలేదు. గూడెంలో కోళ్లున్నాయి గానీ, అవన్నీ రాబోయే పండక్కి అమ్మోరికి మొక్కుకున్నవి. అడిగిన పాపానికి అప్ప లెంపలు వేసుకుంది, నా చేత కూడా వేయించింది. ఈ సంగతంతా బావకి తెలుసు. తెలిసీ ఏం చేశాడంటే, ఎన్నడూ గట్టిగా ఒక మాట మాట్లాడని మనిషి, చేతులు కట్టుకుని, "మా ఇంటిదానికి పుట్టకొక్కులంటే కొట్టిన పిండండి. అడవిలో ఏది మంచిదో ఏది సెడ్డదో సూడగానే సెప్పేత్తాదండి. మజ్జానానికి కూర సేయించేత్తాను" అన్నాడు. (కొక్కు అంటే మా వైపు పుట్టగొడుగే.) ఓవర్సీరు గారి ముఖం మొదటిసారి వికసించింది. తడిక వెనక నా ముఖం ఎలా ఉందో చూసినవాళ్లు లేరు.

నిజం చెప్పాలంటే నాకు పుట్టగొడుగులతో పరిచయం కూరలోనే. తొలి ఉరుములు ఉరిమాక మా నాన్న పొలం నుంచి తుండుగుడ్డలో మూటగట్టి తెచ్చేవాడు. పెరట్లో నూతి దగ్గరే గోకి, కడిగి, చీల్చి, చేటలో వేసి లోపలికి పంపేవాడు. కాబట్టి గిన్నెలోని ముక్కని చూపిస్తే గుర్తుపడతాను గానీ, కొండ మీద గొడుగు వేసుకుని నిలబడ్డదాన్ని కాదు. ఆ మాట బావతో అంటే, "నీకు పుట్టకొక్కులంటే పేణమని నువ్వే గదా అన్నావు" అన్నాడు. ఇష్టమన్నాను గానీ తెలుసన్నానా అని అడిగేలోపే ఆయన ఓవర్సీరు గారికి నీళ్లు తోడడానికి వెళ్లిపోయాడు.

అప్పని బతిమాలి, తలమీద తాటాకు గూడ కప్పుకుని, బుట్ట పట్టుకుని అడవిలోకి వెళ్లాం. కొండంతా పుట్టగొడుగులే. తెల్లవి, బూడిదరంగువి, పసుపువి, దుంగల మీద చెవుల్లా మొలిచినవి, ముట్టుకుంటే పొడి రాలేవి. ఒక్కొక్కదాని దగ్గరా ఆగి అడిగాను.

"ఇది తింతారా అప్పా?"

"తింతారు."

"మరిది?"

"ఇది తినరు."

"ఎలాగ తెలుత్తాది?"

"తినరు గదా. అలాగ."

ఇంకాస్త పైకి వెళ్లాక గుమ్మటంలాంటిది ఒకటి చూపించాను. "ఇది అవతలి కొండోలు తింతారు. మేం తినం" అంది.

"ఆళ్లకేటీ అవదా?"

"ఆళ్లు అవతలి కొండోలు" అని నడక సాగించింది. కొంచెం దూరం పోయాక నా ముఖం చూసి జాలిపడినట్టుంది. "మా అత్తకి అన్నీ తెలుసు గుంటా. ఏది సూపినా సెప్పేది. పోనాది." (గుంట అంటే మా వైపు ఆడపిల్ల.)

"ఏటి తిని?" అన్నాను.

"తినీ కాదు. జొరం."

నా ప్రాణం కుదుటపడింది. జ్వరంతో పోయిన మనిషి గురించి విని అంత ఊరట పొందడం నాకు అదే మొదలు.

చివరికి ఒక చెదపుట్ట దొరికింది. దాని చుట్టూ అన్నం మెతుకులు చల్లినట్టు తెల్లటి గొడుగులు, ఒక్కొక్కదాని నడినెత్తిన చిన్న బొడిపె. లాగితే పొడుగాటి వేరు పుట్ట లోపల్నించి వస్తూనే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తడిమట్టి వాసన, దాని వెనక మా పెరటి వాసన. ఇవి అవే. అప్ప కూడా చుట్ట తీసి మరీ "ఇవి బంగారం" అంది. ఇద్దరం బుట్ట సగానికి పైగా నింపాం. తిరిగొచ్చేటప్పుడు అప్ప ఒక కుళ్లిన దుంగ దగ్గర ఆగి, అడుగున ఎర్రగా ఉన్నవి కొన్ని పీకి, అడ్డాకులో చుట్టి, నా బుట్టలోనే ఒక పక్కగా పెట్టి, నాతో ఏదో చెప్పింది. అప్పటికి చుట్ట మళ్లీ నోట్లోకి పోయింది. నాకు "కూర" అన్న ముక్క వినిపించింది. తలూపాను. దూడని చూసుకుని వస్తానని ఆవిడ గెడ్డ వైపు తిరిగింది.

ఇంటికొచ్చి అన్నీ కడిగి చీల్చాక, ఆకులోవి కూడా విప్పి చూశాను. ఎరుపు చూస్తే మనసు ఒప్పలేదు. బావని పిలిచాను. వాళ్ల నాయనమ్మ చెప్పిందట, ఉడికేటప్పుడు వెండి వేస్తే, విషమైతే వెండి నల్లబడుతుందని. మా ఇంట్లో వెండి అంటే నా కాలి మట్టెలే. మొగుడు బతికుండగా మట్టె తీయకూడదని పెళ్లినాడు పెద్దవాళ్లందరూ చెప్పారు. మొగుడే తీయమంటే ఏం చేయాలో ఎవరూ చెప్పలేదు. ఒకటి తీసి, బూడిదతో తోమి, ఎర్రవి కూడా కలిపి ఉడుకుతున్న కూరలో వేసి, గరిటెతో తీసి వెలుతురులో పెట్టాం.

"నల్లబడిందా?" అన్నాడు.

"నలుపంటే నలుపు కాదు."

"మరేటి?"

"సింతపండు పులుపుకి అలాగొచ్చిందేమో."

అవతలి పాకలోంచి ఓవర్సీరు గారు దగ్గారు. ఆకలి దగ్గు. చింతపండే అని ఇద్దరం తీర్మానించుకున్నాం.

ఆయన తిన్న తీరు నేను తడిక సందులోంచి చూశాను. మొదటి ముద్ద పెట్టుకుని నమలడం ఆపి, బావ వైపు చూసి, మళ్లీ నమిలారు. ఆ తర్వాత ఇక ఆపలేదు. నుదుటి మీద చెమట, ముక్కు చీదడం, "ఇంకాస్త వెయ్యి" అనడం. బావ వడ్డిస్తూనే ఉన్నాడు. చేయి కడుక్కుని మంచం ఎక్కి, దుప్పటి మెడ దాకా లాక్కుని, "ఇంక నన్నెవ్వరూ లేపకండి" అని కళ్లు మూశారు. బావ పాకలోకి వచ్చి, పెళ్లయ్యాక మొదటిసారి, నన్ను చూసి నవ్వాడు. శృంగవరపుకోటలో ఏ వీధిలో ఇల్లు తీసుకోవాలో కూడా మాట్లాడుకున్నాం.

అప్పుడే అప్ప వచ్చింది. చుట్ట చేతిలో ఉంది. "నా పొట్లం ఏది గుంటా?"

"ఏ పొట్లం?"

"ఆకులో సుట్టి ఎట్టినాను గదా. కూరకి కాదని సెప్పినాను గదా. దూడకి గిట్ట పుండైపోనాది, నూరి రాత్తాను."

పొయ్యి వైపు చూపించాను. అప్ప గిన్నెలోకి తొంగిచూసింది.

"వండీసినావా?"

"వండీసినాను."

"తినీసినాడా?"

"తినీసినాడు. తింటే ఏటవుద్ది అప్పా?"

"తెల్దు. తిన్నోలు లేరు."

"లేరంటే ఎవులూ తిన్లేదా, తిన్నోలు పోనారా?"

అప్ప ఆలోచించింది. "అదే తెల్దు" అంది. గూడెంలో ముసిలోణ్ని అడిగొస్తానని చుట్ట నోట్లో పెట్టుకుని వానలోకి వెళ్లిపోయింది. ఆ పూట మళ్లీ రాలేదు.

ఆ మధ్యాహ్నం గురించి ఏం చెప్పను. ఇద్దరం మకాం పాక గుమ్మంలో గొంతుక్కూర్చుని ఆ దుప్పటి కింద పొట్ట పైకి లేస్తోందా లేదా అని చూస్తున్నాం. గురక ఆగితే ఇద్దరం లేచి నిలబడేవాళ్లం. మళ్లీ మొదలైతే కూర్చునేవాళ్లం. సర్కారు మీద కొండవాళ్లు లేచిన పితూరీ అణిగి ఎంతో కాలం కాలేదు. మన్యంలో సర్కారు మనిషి తుమ్మినా పోలీసులు దిగే రోజులవి. అలాంటి చోట ఒక ఓవర్సీరు అన్నం తిని పోతే, చింతపండు పులుపు అని చెబితే ఎవరు వింటారు.

"నన్ను ఉరి తీసేత్తారు" అన్నాడు బావ, నెమ్మదిగా, మస్తరులో పేరు చదివినట్టు.

"వండింది నాను. నన్నే తీత్తారు."

"ఆడోల్లని తియ్యరు."

"మరి నన్నేటి సేత్తారు?"

ఉప్పునీళ్లు తాగించి కక్కిద్దామన్నాను. ముందు లేపాలి కదా. లేపి ఏమని చెప్పాలి. "ఇసం ఎట్టీసినాం, కక్కీండి అని సెప్పు" అన్నాను. "నువ్వే సెప్పు" అన్నాడు. చివరికి చెంబు పట్టుకుని మంచం కాళ్ల వైపు వెళ్లి నిలబడి, తనకే వినిపించనంత మెల్లగా "అయ్యా" అన్నాడు. ఓవర్సీరు గారు పక్కకి ఒత్తిగిలి, నిద్రలోనే "రేపు రా" అన్నారు. బావ చెంబుతో వెనక్కి వచ్చాడు. ఆ మనిషి భుజాలు అంతగా కుంగిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు. అప్పుడు చూసుకున్నాను నా కాలు. తీసిన మట్టె తిరిగి పెట్టుకోలేదు. ఇంక నాకు ఏ సందేహమూ మిగల్లేదు.

మా పాకలోకి వచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నాను. కింద మా అమ్మకి ఈ వార్త ఎవరు మోసుకెళ్తారు. బావని తీసుకుపోతే ఈ కొండ మీద నేనేం చేయను. ఏడ్చాను, ముక్కు తుడుచుకున్నాను, మళ్లీ ఏడ్చాను. పక్కన గిన్నెలో కూర ఇంకా మిగిలి ఉంది. పోయేదేదో అందరం ఒకేసారి పోతే గొడవ ఉండదనిపించింది. అంత చల్లగా ఆలోచించి, గిన్నె ఒళ్లో పెట్టుకుని, చల్లారిన అన్నం అందులోనే వేసి కలిపి, ముద్ద నోట్లో పెట్టుకున్నాను.

ఏం చెప్పను. అది మా ఇంటి కూరే. పళ్ల కింద కరకరలాడుతూనే మెత్తగా జారిపోవడం, తడిమట్టి రుచి, పచ్చిమిరపకాయ ఘాటు, అడుగున కొంచెం మాడిన ఉల్లిపాయ. నాన్న చేట అందించినప్పటి వాన చప్పుడు కూడా అందులో ఉంది. ఏడుపు పెరిగింది, ముద్దల జోరూ పెరిగింది. రెండూ ఒకదానికొకటి అడ్డు రాలేదు.

బావ గుమ్మంలో నిలబడి, "ఏటి సేత్తన్నావు?" అన్నాడు.

"తింటన్నాను."

పొద్దున్నుంచీ ఆయన కూడా ఏమీ తినలేదు. ఎదురుగా వచ్చి కూర్చుని, "జరుగు" అని, నా గిన్నెలోనే చేయి పెట్టాడు. పెళ్లిలో బువ్వం బంతినాడు పదిమంది నవ్వుతుండగా తినిపించుకున్నదే తప్ప, మేమిద్దరం ఒక గిన్నెలో ఎన్నడూ తినలేదు. మొగుడు తిన్నాక పెళ్లాం తినడమే నాకు తెలిసింది. ఆయన ముద్ద నమిలి, "ఉప్పు సరిగ్గా ఉంది" అన్నాడు. నా వంట గురించి ఆయన నోట వచ్చిన మొదటి మంచి మాట అది. దాంతో నేను మరీ ఏడ్చాను. మాడిన అడుగు కూడా గోకి, ఆయనొక ముక్క నేనొక ముక్క తిని, గోడకి ఆనుకుని పక్కపక్కన కూర్చుని చావు కోసం ఎదురుచూశాం. నాలిక మొద్దుబారిందన్నాడు. అది మిరపకాయన్నాను. నా కడుపులో ఏదో తిరుగుతోందన్నాను. అది కడుపు నిండినందుకన్నాడు. ఆయన చేయి నా చేతి మీద ఉందని చాలాసేపటికి గానీ గమనించలేదు. ఆయనా గమనించలేదనుకుంటాను, గమనిస్తే తీసేసేవాడు.

దీపాల వేళకి మకాం పాకలోంచి పిలుపు వినిపించింది. ఇద్దరం పరిగెత్తాం. ఓవర్సీరు గారు మంచం మీద కూర్చుని ఒళ్లు విరుచుకుంటున్నారు. ముఖం తేటగా ఉంది. పెళ్లికొడుకు అనొచ్చు. "ఆ కూర మిగిలిందా?" అని అడిగారు.

"లేదండి" అన్నాడు బావ.

"ఎవరు తిన్నారు?"

"మేమేనండి."

ఆయన మా ఇద్దరినీ, ఉబ్బిన నా కళ్లనీ మార్చి మార్చి చూశారు. అప్పుడు అర్జీ సంగతి ఆయనకే గుర్తొచ్చింది. "నేను శృంగవరపుకోటలో ఏడాది పొడుగునా బచ్చలాకు తిని బతుకుతున్నానయ్యా. ఇంత మంచి తిండి వాకిట్లో మొలిచే చోట ఉండి, దాన్ని వండే ఇల్లాలు ఉండి, నీకు బదిలీ ఎందుకు? హాయిగా ఉండండి. వచ్చే వానలకి మళ్లీ వస్తాను" అన్నారు. బావ "చిత్తం" అన్నాడు. ఆయన కళ్లు తెరవాలని ఆ పూట నేను మొక్కని దేవత లేదు. ఆ మాట విన్నాక, ఇంకాస్త మెల్లగా తెరిచినా పోయేది అనిపించింది. (ఆయన నిండు నూరేళ్లూ బతికారని తర్వాత విన్నాను. సంతోషమే.)

మర్నాడు పొద్దున అప్ప వచ్చి, గెడ్డ ఒడ్డున పళ్లు తోముకుంటున్న ఓవర్సీరు గారిని దూరం నుంచే పరీక్షగా చూసింది. ముసలివాడికి కూడా తెలియదట. మేం కూడా తిన్నామని చెప్పాను. నన్ను కింద నుంచి పైకి చూసి, "అయితే తినొచ్చన్నమాట" అంది. మరుసటి వానలకి గూడెంలో అందరూ ఆ ఎర్ర అడుగువి వండుకోవడం మొదలుపెట్టారు. దానికి ఓవర్సీరు కొక్కు అని పేరు పెట్టారు. ఆయన చెప్పినట్టే ప్రతి వానకీ వచ్చేవారు, తినేవారు, మేం హాయిగా ఉన్నామని రాసుకుని వెళ్లేవారు. మాకు పెద్దబ్బాయి పుట్టిందీ, వాడు నడక నేర్చిందీ ఆ మబ్బులోనే.

బావ ఇప్పుడు లేడు. మామూలు మనుషులు పోయినట్టే, కింద ఊళ్లో, మంచం మీద, మా అందరి మధ్యా పోయాడు. అప్పుడప్పుడు నాకు ఆ పాకలో పొయ్యి దగ్గర కూర్చున్న పిల్ల కనిపిస్తుంది. ముక్కు ఎర్రబడి, ఒళ్లో గిన్నె, చేయి మోచేతి దాకా కూర, తెల్లారితే లోకం ఉండదని అంత గట్టి నమ్మకం. దాన్ని చూస్తే నవ్వొస్తుంది, దగ్గరికెళ్లి కొంగుతో ముఖం తుడవాలనీ అనిపిస్తుంది. ఆ తర్వాత అంతకన్నా పెద్ద దుఃఖాలే వచ్చాయి నాకు. ఏ ఒక్కదాంట్లోనూ అంత ఆకలి వేయలేదు.